ప్లస్ గుర్తు వచ్చినప్పుడు

4వ తేదీ, మంగళవారం

ఆ ఉదయాన్ని మళ్ళీ మళ్ళీ తిరగేసుకుంటున్నాను. మామూలు ఉదయమే. వాన వెలిసి మెట్ల మీద నీళ్ళు నిలిచాయి. ముందు గదిలో కుట్టు మిషన్ పక్కన హోటలు వాళ్ళ కర్టెన్లు గుట్టగా ఉన్నాయి. వాటి అంచులు మడిచి ఇస్త్రీ చేస్తున్నాను. చెల్లెలు వంటింటి గట్టు మీద కూర్చుని, జుట్టు చిక్కు తీసుకుంటూ, ఆఫీసులో తన పై అధికారిని తిడుతోంది. ఆవిడను తిట్టందే దానికి తెల్లవారదు. తమ్ముడు రోజూలాగే డ్రైవింగ్ స్కూలు కారు వీధిలో ఆపి, మొదటి విద్యార్థి వచ్చేలోగా కాఫీకని లోపలికి వచ్చాడు. కుర్చీ వెనక్కి తిప్పి కూర్చున్నాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే కూర్చుంటాడు.

“అక్కా, చొక్కా చేతికి దారం వేలాడుతోంది. కాస్త తాళంచెవి ఇవ్వు.”

“తాళంచెవితో దారం తెంపుతావా అన్నయ్యా? మీ స్కూల్లో నేర్పేది ఇదేనా?” అంది చెల్లెలు.

వాడూ నవ్వాడు. “అదే... అది ఇవ్వవే” అని వేలితో చూపించాడు. కత్తెర అందించాను. దారం తెంపుకున్నాడు. కానీ కత్తెర కింద పెట్టేముందు దాన్ని ఒక్క క్షణం చూశాడు. ఎక్కడో చూసిన మనిషిని చూసినట్టు చూశాడు. నేను గమనించాను. “కాఫీ చల్లారిపోతుంది” అన్నాను.

ఆ పూటే జరిగింది. బ్యాంకులో పనిచేసే ఆవిడ కారు నడుపుతోంది, తమ్ముడు పక్క సీటులో ఉన్నాడు. సైకిలు అడ్డం వచ్చింది. పక్కనున్న మాస్టారు “కిటికీ! కిటికీ!” అని అరిచారట. పాపం ఆవిడ గబగబా కిటికీ అద్దం దించిందట. వాడే తన వైపు ఉన్న బ్రేకు తొక్కి ఆపాడు. తర్వాత వాడి కుడి చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. మూర్ఛ.

విద్యార్థులందరూ వాణ్ణి బ్రేకు మాస్టారు అంటారు. “బ్రేకు మాస్టారికే బ్రేకు అన్న మాట దొరకలేదు” అని చెల్లెలు ఆస్పత్రి వరండాలో నవ్వబోయి ఏడ్చింది.

ఎడమ వైపు, చెవికి పైన, నిమ్మకాయంత గడ్డ. మాట ఉండే చోటికి పక్కనే అంటున్నారు. పక్కనా, అందులోనా అన్నది రేపటి స్కానులో తెలుస్తుంది.


5వ తేదీ, బుధవారం

ఆపరేషన్ చేసే డాక్టరు గారు మా నలుగురినీ కూర్చోబెట్టి చెప్పారు. తమ్ముడు, మరదలు, చెల్లెలు, నేను. ఈ స్కాను గడ్డను చూసేది కాదు, మనిషి ఆలోచిస్తుంటే మెదడులో ఏ భాగం పనిచేస్తుందో చూసేదట. తెర మీద బొమ్మలు వస్తాయి. వాటి పేర్లు మనసులోనే చెప్పుకోవాలి. తర్వాత ఒక ప్లస్ గుర్తు వస్తుంది. అప్పుడు ఏమీ అనుకోకుండా ఊరికే ఉండాలి. మళ్ళీ బొమ్మలు, మళ్ళీ ప్లస్. పనిచేసినప్పటి లెక్కలోంచి ఊరికే ఉన్నప్పటి లెక్క తీసేస్తే మిగిలేదే మాట ఉన్న చోటు.

“ఏమీ అనుకోకుండా ఉండటం మా చెల్లెలికి చేతకాదు గానీ, నాకు ఇబ్బంది లేదండీ” అన్నాడు తమ్ముడు.

“ఇంట్లో అయితే ఆయన రోజంతా అంతే” అంది మరదలు.

డాక్టరు గారు కూడా నవ్వారు.

స్కాను గదిలో పనిచేసే అమ్మాయి వచ్చి ఉంగరం, బెల్టు, వాచీ తీయించింది. స్కానమ్మాయి అనే అంటున్నాం. చాలా ఓపికగా చెబుతుంది. తలుపు దగ్గర వాడి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. రోజంతా కారులో కూర్చునే మనిషికి ఆ గొట్టాన్ని చూసి భయమేమిటో. చెవిలో చెప్పాను: “భయం వేస్తే అమ్మ నేర్పిన ప్రార్థన అనుకో. లోపలే.” తలూపాడు.

మా ఇంట్లో అందరికీ అదే అలవాటు. ఎక్కడ ఎదురుచూడాల్సి వచ్చినా, పెదవి కదపకుండా ఆ నాలుగు వాక్యాలు. పెదవి కదిపితే పక్కవాళ్ళకు వినపడుతుంది, కదపకపోతే పైవాడికి వినపడుతుంది అనేది అమ్మ.

నేను బయట బల్ల మీద కూర్చుని అదే చేశాను.


7వ తేదీ, శుక్రవారం

ఫలితం రాలేదు. హోటలు కర్టెన్లు పూర్తయ్యాయి.


10వ తేదీ, సోమవారం

దేవుడు దయతలిచాడు.

డాక్టరు గారు కంప్యూటరులో బొమ్మ చూపించారు. బూడిద రంగు మెదడు, అందులో నల్లగా గడ్డ. మాట ఉండవలసిన చోట నారింజ రంగు మెరవాలట. అక్కడ దాదాపు ఏమీ లేదు. కుడి వైపున మాత్రం చిన్న మచ్చ. గడ్డ నెమ్మదిగా పెరిగితే కొందరిలో మాట రెండో వైపుకు తరలిపోతుందట. తమ్ముడి విషయంలోనూ అలా జరిగి ఉంటే గడ్డ మొత్తం తీసేయవచ్చు. ఇలాంటి రోగుల స్కానులు ఎన్నో కలిపి చూసి, ఎవరు ఎంతవరకు కోలుకుంటారో ముందే అంచనా కట్టే పద్ధతి కూడా ఉందట. దాని ప్రకారం తమ్ముడు కొద్ది వారాల్లోనే మునుపటిలా మాట్లాడాలి.

“మాట ఇల్లు మారిందన్నమాట!” అంది చెల్లెలు.

“నాతో ఒక్క మాటైనా చెప్పకుండానే?” అన్నాడు తమ్ముడు.

మరదలు నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. డాక్టరు గారు “అయితే...” అని ఇంకేదో చెబుతున్నారు. మాకు ఎవరికీ వినే తీరిక లేదు.

తిరిగి వస్తుంటే కారు చెల్లెలు నడిపింది. మూర్ఛ వచ్చినప్పటి నుంచి వాడు స్టీరింగ్ ముట్టుకోకూడదు. పక్కన కూర్చుని “గేరు, గేరు, అది గేరమ్మా, చట్నీ గరిటె కాదు” అని దాన్ని వేధిస్తూనే ఉన్నాడు. ఆ సందడిలోనే వెనక్కి తిరిగి నాతో అన్నాడు:

“నువ్వు చెప్పింది పనికొచ్చిందక్కా. ప్లస్ గుర్తు వచ్చినప్పుడల్లా ప్రార్థన మొదలెట్టేవాణ్ణి. బొమ్మలు రాగానే ఆపి పేర్లు చెప్పుకునేవాణ్ణి. మళ్ళీ ప్లస్ రాగానే ఆపిన చోటి నుంచి అందుకునేవాణ్ణి. భయమన్నదే తెలియలేదు.”

మంచిదన్నాను.


11వ తేదీ, మంగళవారం

మంచిదే. ప్రార్థన ఎప్పుడు చేసినా మంచిదే.


12వ తేదీ, బుధవారం

మరదలు పొద్దున వచ్చి గిన్నెలు తోమిపెట్టింది. వద్దన్నా వినలేదు. తోముతూ ఏదో పాట కూనిరాగం తీసింది. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆమె గొంతులో పాట నేను వినలేదు. “వదినా, నిన్న హాయిగా నిద్రపట్టింది నాకు” అంది.

నేను డాక్టరును కాను. కర్టెన్లు కుట్టే మనిషిని. స్కానుల సంగతి నాకేం తెలుసు.

గిన్నెతో సహా బియ్యం తూచి, తర్వాత గిన్నె తూకం తీసేస్తాం. బియ్యం ఎంతో తెలుస్తుంది. ఖాళీ గిన్నె తూచేటప్పుడు కూడా అందులో ఎవరైనా బియ్యం పోసి ఉంచితే? తీసివేశాక ఏమీ మిగలదు. బియ్యమే లేదనుకుంటాం.

వాళ్ళు ఇలాంటివన్నీ చూసుకునే ఉంటారు. అంత చదువుకున్నవాళ్ళు. మనసులో ప్రార్థన మాట ఎలా అవుతుంది? అది మాటకన్నా లోపలిది.

వాళ్ళు చూసుకునే ఉంటారు.


13వ తేదీ, గురువారం

ఇవాళ ప్రార్థన సాగలేదు. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను.


14వ తేదీ, శుక్రవారం

హోటలు వాళ్ళకు కర్టెన్లు ఇచ్చివస్తానని చెల్లెలితో చెప్పి బయలుదేరాను. ఇచ్చాను కూడా. తర్వాత ఆస్పత్రికి వెళ్ళాను.

స్కానమ్మాయి తన గదిలో డబ్బా తెరిచి అన్నం తింటోంది. లేవబోతే వద్దని కూర్చోబెట్టాను. చెప్పాను. తింటున్నది ఆపి విన్నది.

“ప్లస్ వచ్చిన ప్రతిసారీనా అమ్మా?”

“ప్రతిసారీ.”

“పెదవులు కదపకుండా?”

“మా ఇంట్లో ఎవరూ కదపం.”

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. “మనసులో అనుకున్నా మాటేనమ్మా. మాట పుట్టే చోటు పనిచెయ్యకుండా వాక్యం రాదు. గొంతు ఒక్కటే ఊరుకుంటుంది.”

“అయితే ఆ బొమ్మ తప్పా?”

“తప్పని కాదు. దాంతో తేల్చుకోలేం. నాకూ అనుమానం వచ్చిందమ్మా. మొదట్లో బొమ్మల పేర్లు పైకి చెప్పించి చూశాం కదా, అంత బాగా చెప్పిన మనిషికి లోపల ఏమీ వెలగకపోవడమేమిటని. మళ్ళీ ఒకసారి తీస్తే మంచిదని రిపోర్టులోనూ రాశాం. డాక్టరు గారు మీకు చెప్పలేదా?”

చెప్పారు. “అయితే” అన్నారు. ఆ తర్వాతది మేం వినలేదు.

“మీరు రాకపోతే ఈ సంగతి తెలిసేది కాదు” అంది. నా ముఖం చూసి కాబోలు, నవ్వించబోయింది. “ఆ గొట్టంలో జనం ఏమేం చేస్తారో మీకు తెలీదు. ఒకాయన భార్యతో పొద్దున జరిగిన పోట్లాట మొత్తం మళ్ళీ వేసుకున్నాడు. ఈసారి తనే గెలిచాడట. ఒకావిడ హాయిగా నిద్రపోయింది. ఇంత క్రమం తప్పకుండా ప్రార్థన చేసినవాళ్ళు మాత్రం లేరు.”

నాకు నవ్వు రాలేదు. ఆమె అక్కడి నుంచే డాక్టరు గారికి ఫోను చేసింది. సోమవారం మళ్ళీ స్కాను.

ఇంటికి నడిచే వచ్చాను. మరదలికి ఎలా చెప్పాలో తెలియలేదు. దారిలో ఒక చోట ఆగి, అరటిపళ్ళు కొన్నాను. ఎందుకు కొన్నానో.


15వ తేదీ, శనివారం

అందరినీ పిలిచి చెప్పాను.

మరదలు నావైపు తిరిగింది. తర్వాత అంది: “ఆ ప్రార్థన ఎవరు అడిగారు వదినా మిమ్మల్ని?”

నిజమే. ఎవరూ అడగలేదు.

“అదేం మాట వదినా! అక్క వెళ్ళి చెప్పింది కాబట్టి సరిపోయింది. చెప్పకుండా ఊరుకుంటే ఏమయ్యేది?” అని చెల్లెలు లేచింది.

“నువ్వు కూర్చో” అన్నాను.

తమ్ముడు మా ముగ్గురినీ చూశాడు. “నా... నా ప్రార్థన మిషన్‌కి కూడా వినపడిందంటే ఎంత... శ్రద్ధగా చేశానో చూడండి. చిన్నప్పుడు మనసు పెట్టడం లేదని అమ్మ ఊరికే తిట్టేది నన్ను” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. వాడు ‘శ్రద్ధ’ అన్న మాట కోసం కాస్త వెతుక్కున్నాడు. మేమందరం ఆ ఆగిన చోట ఊపిరి బిగబట్టాం.

మరదలు వెళ్ళేటప్పుడు నాతో చెప్పకుండా వెళ్ళింది.


16వ తేదీ, ఆదివారం

వాన.


17వ తేదీ, సోమవారం

“ఈసారి ప్లస్ వచ్చినప్పుడు ఏం చేస్తారు?” అని స్కానమ్మాయి తమ్ముణ్ణి అడిగింది.

“ఎదర ఎర్ర సిగ్నల్ ఉందనుకుంటాను. ఎర్ర సిగ్నల్ దగ్గర నేను ఏమీ ఆలోచించను. వెనకవాడు హారన్ కొట్టినా సరే.”

“అదే కావాలి” అంది ఆమె.

నన్ను ఈసారి అద్దం ఇవతలి గదిలో కూర్చోనిచ్చారు. అక్కడి నుంచి వాడి పాదాలే కనిపిస్తాయి. మిషన్ మోత మొదలైంది. స్కానమ్మాయి ముందున్న తెర మీద వాడికి కనిపించేదే నాకూ కనిపించింది. గొడుగు. కుర్చీ. చేప. బస్సు. ప్లస్.

ప్లస్ వచ్చినప్పుడు నేనూ ఊరికే ఉందామని చూశాను. పళ్ళు బిగించాను. గోడ చూశాను. ఊరికే ఉండటం నాకు రాదని తెలిసింది. ఎక్కడ కాస్త ఖాళీ దొరికినా అమ్మ వాక్యాలు వచ్చి కూర్చుంటాయి. ఇన్నేళ్ళూ దాన్ని భక్తి అనుకున్నాను. కొంత భయం కూడానేమో.

వాడి పాదాలు మాత్రం కదల్లేదు.


19వ తేదీ, బుధవారం

పొద్దున డాక్టరు గారు కొత్త బొమ్మ చూపించారు. ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఎడమ వైపున నారింజ రంగు దట్టంగా, గడ్డ వెనక అంచును ఒరుసుకుని ఉంది. మాట ఎక్కడికీ వెళ్ళలేదు. ఉన్న చోటే ఉంది.

మొన్నటి ఆశ పోయింది. దాన్ని పోగొట్టింది నేనే. లేకపోతే ఆపరేషన్‌లో మాటే పోయేదేమో. ఈ రెండూ నిజమే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

డాక్టరు గారు రెండు దారులు చెప్పారు. మత్తిచ్చి గడ్డ మొత్తం తీసేయడం ఒకటి. అలా అయితే గడ్డ చాలా కాలం తిరిగిరాకపోవచ్చు. కానీ వాడిలాంటి స్కాను ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి మాట పూర్తిగా తిరిగి రాలేదట. రెండోది, తమ్ముణ్ణి మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూ, మాట తడబడిన చోట ఆపేయడం. అలా అయితే కొంత గడ్డ లోపలే ఉండిపోతుంది. కొన్ని నెలలు మాట కష్టమవుతుంది, తర్వాత చాలావరకు వస్తుందని అంచనా. మిగిలిన ముక్క ఎప్పుడైనా మళ్ళీ పెరగవచ్చు.

“ఇది లెక్క మాత్రమే. మీ తమ్ముడు లెక్క కాదు” అన్నారు నాతో. ఈసారి నేను చివరి మాట దాకా విన్నాను.

మెలకువగా చేయించుకుంటే ఇంకొకటి కూడా మేమే ఆలోచించుకుని చెప్పాలన్నారు. మాట తడబడటం అంటే అన్నీ ఒకటి కావు. పేర్లు గుర్తురాకపోవడం వేరు, వాక్యం అల్లలేకపోవడం వేరు. మొదటిది జరిగినా ఇంకాస్త ముందుకు వెళ్ళి ఎక్కువ గడ్డ తీయవచ్చు. దేని దగ్గర ఆపమంటారు? రేపు చెప్పండి అన్నారు.

సాయంత్రం మా ముందు గదిలో కూర్చున్నాం. మరదలు వస్తుందో రాదో అనుకున్నాను. వచ్చింది. నాకు ఎదురుగా కూర్చుంది.

“మొత్తం తీయించెయ్యాలి. మాట లేకపోయినా మనిషి ఉంటే చాలు నాకు. ఈయన మాట్లాడకపోతే ఏం? నేను మాట్లాడతాను ఇద్దరి తరఫునా” అంది.

“మాట లేకపోతే అన్నయ్య అన్నయ్యేనా వదినా? నోరు మూసుకుని ఒక పూట ఉండమను చూద్దాం” అంది చెల్లెలు.

“నీకేమమ్మా, నువ్వు చెప్పి నీ గదిలోకి వెళ్ళిపోతావు.”

“వెళ్ళిపోయేదాన్నే అయితే సెలవు పెట్టి ఇక్కడెందుకు కూర్చుంటాను?”

ఇద్దరూ నావైపు తిరిగారు. ఈ ఇంట్లో అంతే. అమ్మ పోయినప్పటి నుంచి ఏ పంచాయితీ వచ్చినా ఆఖరి మాట పెద్దక్కది. వాళ్ళ కళ్ళు నా ముఖం మీద ఉన్నాయి. నోటి దాకా వచ్చింది. మింగేశాను.

“వాణ్ణి అడగండి” అన్నాను.

తమ్ముడు కుర్చీ వెనక్కి తిప్పి కూర్చుని ఉన్నాడు. మాటలు కూడదీసుకున్నాడు. మరదలితోనే అన్నాడు, మా ఇద్దరితో కాదు.

“ఇవాళ మీరందరూ కూర్చుని నన్నడుగుతున్నారు. మాట పోతే... మళ్ళీసారి నన్నెవరు అడుగుతారు? మీలో మీరే తేల్చుకుని నాకు చొక్కా తొడిగి తీసుకెళ్తారు. మిగిలిన ముక్క పెరిగితే పెరగనీ. పెరిగినప్పుడు ఇదిగో, ఇలాగే నలుగురం కూర్చుని పోట్లాడుకుందాం. పోట్లాడటానికి నాకూ నోరుండాలిగా.”

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ముక్కు తుడుచుకుని, గట్టి గొంతుతో అడిగింది:

“సరే. పేర్లు పోతే?”

“పోనీ.”

“నా పేరు కూడానా?”

“నిన్ను పేరు పెట్టి ఎప్పుడు పిలిచాను? ‘ఇదిగో’ అంటాను, పలుకుతావు. అక్కను అక్కా అంటాను. దాన్ని ఒసేయ్ అంటాను. నాకు పేర్లతో పనేముంది?”

“ఒసేయ్ అన్నది పోతే నాకు సంతోషమే” అంది చెల్లెలు, కళ్ళు తుడుచుకుంటూ.

మరదలు నవ్వింది. ఏడుపులోంచే వచ్చిన నవ్వు. “అక్కా అని పిలవలేకపోతే అక్కడ ఆపమని చెబుదాం” అంది. నావైపు చూసింది. “ఏమంటారు వదినా?”

“నువ్వు చెప్పిందే” అన్నాను.

మెలకువగానే చేయించాలని నిర్ణయించాం. బొమ్మల పేర్లు తప్పిపోయినా ముందుకు వెళ్ళవచ్చు, వాక్యం తెగినా, మమ్మల్ని పిలిచే పిలుపు తడబడినా అక్కడ ఆపేయాలి. రేపు ఈ మాట డాక్టరు గారికి మరదలు చెబుతుంది. నేను పక్కన కూర్చుంటాను.